నల్లరాతి కింద వేడి: భూకంప తరంగాలు ఎంతవరకు చూపగలవు?

2009 జూన్‌లో ఐస్‌లాండ్ ఈశాన్య భాగంలోని క్రాఫ్లా అగ్నిపర్వతం మీద ఒక లోతైన బోరు దిగుతోంది. లక్ష్యం నాలుగు కిలోమీటర్లకు పైనే. రెండు కిలోమీటర్లు దాటాక డ్రిల్లు పదేపదే ఇరుక్కుపోవడం మొదలైంది. పక్కకు మళ్లించి మళ్లీ దింపారు, మళ్లీ ఇరుక్కుంది. చివరికి 2,100 మీటర్ల దగ్గర, డ్రిల్లింగ్ నీటితో పైకి వచ్చిన రాతి తునకల్లో గాజు ముక్కలు కనిపించాయి. కరిగిన రాయికి చల్లని నీరు తగిలి అప్పటికప్పుడు గడ్డకడితేనే అలాంటి గాజు తయారవుతుంది. బోరు నేరుగా శిలాద్రవంలోకి దిగిందన్నమాట. ఆ ద్రవం వేడి దాదాపు 900 డిగ్రీల సెల్సియస్.

క్రాఫ్లా ఎవరూ పట్టించుకోని చోటేమీ కాదు. 1975 నుంచి 1984 వరకు అక్కడ నేల చీలి విడతలు విడతలుగా లావా పారింది. ఆ ఉత్పాతం సాగుతుండగానే పక్కన భూతాప విద్యుత్ కేంద్రం కట్టారు. 1978లో పాల్ ఐనార్సన్ అనే భూకంప శాస్త్రవేత్త అక్కడి రికార్డులను పరిశీలించి, కొన్ని దిశల నుంచి రావలసిన ఎస్-తరంగాలు రావడం లేదని గుర్తించాడు. పి-తరంగాలు ఘనంలోనూ ద్రవంలోనూ నడుస్తాయి. ఎస్-తరంగాలకు ద్రవంలో దారి లేదు. ఆ నీడల ఆధారంగా 3 నుంచి 7 కిలోమీటర్ల లోతులో శిలాద్రవం ఉన్నట్టు తేల్చాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో క్రాఫ్లా మీద సర్వే మీద సర్వే జరిగింది. 2.1 కిలోమీటర్ల దగ్గరే కరిగిన రాయి ఎదురవుతుందని వాటిలో ఏదీ హెచ్చరించలేదు.

అగ్నిపర్వత శిలల్లో భూతాప వనరులను వెతకడానికి సీస్మిక్ ఇమేజింగ్, అంటే భూకంప తరంగాలతో నేల లోపలి చిత్రం తీసే పద్ధతి, ఎంతవరకు పనికొస్తుందన్న చర్చ ఎక్కడ జరిగినా క్రాఫ్లా పేరు వస్తుంది. ఈ శిలల్లో ఆ పద్ధతి దండగ అనడానికి దాన్నే సాక్ష్యంగా చూపేవాళ్లున్నారు. నేను దాంతో ఏకీభవించను. చమురు బావుల దగ్గర పెంచుకున్న ఆశను ఉన్నదున్నట్టు లావా నేలల మీదికి తెచ్చుకోవడం వల్లే ఈ నిరాశ పుట్టింది. ఏ ప్రశ్నకు ఈ తరంగాలు జవాబు చెప్పగలవో, దేనికి చెప్పలేవో విడదీసి చూస్తే చిత్రం చాలా మారుతుంది.

ముందుగా, ఇంత తాపత్రయం ఎందుకో చెప్పుకోవాలి. మన పల్లెల్లో బోరు వేయించే రైతుకు నీళ్లు పడతాయో లేదో అన్న గుబులు ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. భూతాప బోరుదీ అదే గుబులు, కాకపోతే ఇక్కడ ఒక్కో బోరుకు పదుల కోట్ల రూపాయలు పోతాయి. అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ 2013లో 14 దేశాల్లోని రెండున్నర వేలకు పైగా బావుల లెక్కలు తీసింది. కొత్త క్షేత్రంలో వేసే మొదటి బావి పనికొచ్చే అవకాశం సగానికి సగం. అన్వేషణ దశ మొత్తం మీద అది 59 శాతం. క్షేత్రం బాగా తెలిశాక 83 శాతానికి చేరింది. డబ్బు చేతిలో లేని తొలి దశలోనే నష్టభయం అన్నింటికన్నా ఎక్కువ. భూతాప విద్యుత్తు ప్రపంచంలో ఇంకా చిన్న వాటాకే పరిమితం కావడానికి ఇదొక ముఖ్య కారణం.

పైగా వేడి ఒక్కటి దొరికితే సరిపోదు. ఆ వేడిని మోసుకొచ్చే నీరుండాలి, ఆ నీరు కదలడానికి రాతిలో ఒకదానితో ఒకటి కలిసిన పగుళ్లుండాలి. అగ్నిపర్వతం దగ్గర వేడి దొరకడం కష్టం కాదు. డబ్బు పోగొట్టుకున్న బావుల్లో చాలావాటికి వేడి తగిలింది, పగుళ్లు తగల్లేదు.

ఇక తరంగాల సంగతి. చమురు సంస్థలు వాడే పరావర్తన పద్ధతిలో నేల మీద కంపన యంత్రంతోనో పేలుడుతోనో తరంగాన్ని లోపలికి పంపుతారు. రాతి సాంద్రత, తరంగ వేగం ఒక్కసారిగా మారిన చోట దాని కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. వరుసగా పరిచిన జియోఫోన్లు ఆ ప్రతిధ్వనిని పట్టుకుంటాయి. సముద్రపు అడుగున నిదానంగా పేరుకున్న ఇసుకరాయి, బురదరాయి పొరల్లో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పొరలు దాదాపు సమతలంగా, విశాలంగా, ఒకదానికొకటి భిన్నంగా ఉంటాయి.

లావా అలా పేరుకోదు. ఎలా పేరుకుంటుందో చూడాలంటే తెలుగువాళ్లు ఐస్‌లాండ్ దాకా వెళ్లనక్కర్లేదు. గోదావరి ఒడ్డున రాజమండ్రికి అటూ ఇటూ, పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల క్వారీల్లో దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి లావా పొరలు కోతల్లో బయటపడి కనిపిస్తాయి. గట్టి నల్లరాయి (బసాల్ట్), దాని పైభాగంలో వాయు బుడగల గుంటలతో గుల్లగా మారిన రాయి, తర్వాత శిలాజాలున్న సున్నపురాతి పొర, దాని మీద మళ్లీ నల్లరాయి. గట్టి బసాల్ట్‌లో పి-తరంగం సెకనుకు 5 నుంచి 6 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గుల్లరాతిలో ఆ వేగం బాగా పడిపోతుంది. ఈ మార్పులు కొద్ది మీటర్లకొకసారి, ఎగుడుదిగుడు హద్దుల మీద జరుగుతుంటే తరంగం ప్రతి హద్దు దగ్గరా చెదిరిపోతుంది. కొంత శక్తి పొరల మధ్యే అటూ ఇటూ తిరిగి దొంగ ప్రతిధ్వనులు పుట్టిస్తుంది. సూక్ష్మ వివరాలు మోసే అధిక పౌనఃపున్యాలు ముందు పోతాయి. కృష్ణా–గోదావరి బేసిన్‌లో రాజోలు దగ్గర భూగర్భంలోనూ బసాల్ట్ ఉంది. చమురు అన్వేషకులకు దాని కింద ఏముందో చూడటం ఎప్పుడూ తలనొప్పే.

మిగిలిన పౌనఃపున్యాలతో ఎంత చిన్న వస్తువును చూడగలమో లెక్క సులభం. సెకనుకు 4 కిలోమీటర్ల వేగంతో పోయే తరంగం 20 హెర్ట్జ్ దగ్గర మిగిలితే దాని తరంగదైర్ఘ్యం 200 మీటర్లు. మామూలు సూత్రం ప్రకారం అందులో నాలుగో వంతు, అంటే 50 మీటర్ల మందం కంటే పలుచని పొర పైభాగాన్నీ అడుగుభాగాన్నీ విడిగా గుర్తించలేం. వేడినీటిని మోసే పగులు మండలం చాలాచోట్ల అంతకంటే సన్నగా ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ పగుళ్లు తరచూ నిటారుగా ఉంటాయి. నేల మీద నుంచి కిందికి పోయిన తరంగం నిట్టనిలువు గోడకు తగిలి తిరిగి నేల మీది జియోఫోన్ల దగ్గరికి రావడం అరుదు.

వేడిని ఈ తరంగాలు నేరుగా చూడవన్న సంగతి అన్నింటికంటే ముఖ్యం, అన్నింటికంటే ఎక్కువగా మరచిపోయేదీ అదే. రాయి కరిగే దశకు దగ్గరయ్యేదాకా ఉష్ణోగ్రత వల్ల తరంగ వేగం మారేది కొంచెమే. ఆ కొంచెం మార్పును పగుళ్లు, రంధ్రాలు, వాటిలోని నీరు లేదా ఆవిరి, రసాయనికంగా మారిన ఖనిజాలు కలిగించే మార్పు మింగేస్తుంది. రంగురంగుల పటంలో ఎర్రగా కనిపించిందంటే అక్కడ తరంగం నెమ్మదించిందనే అర్థం. దాన్ని వేడిగా చదవడం తొందరపాటు. పెట్టుబడిదారుల ముందు ప్రదర్శించే పటాల్లో ఈ తేడాను పెద్ద అక్షరాల్లో రాయాలని నేను బలంగా కోరుకుంటాను.

ఇన్ని పరిమితులున్న చోట తరంగాలు చక్కగా చేసే పని ఇంకొకటి ఉంది. మనం తరంగం పంపే బదులు, భూమి తనంతట తాను పుట్టించే తరంగాలను వినడం. భూతాప క్షేత్రాలన్నీ దాదాపుగా సూక్ష్మ భూకంపాలతో నిండి ఉంటాయి. మనిషికి తెలియనంత చిన్నవి. అవి ఎక్కడ పుడుతున్నాయో ఖచ్చితంగా కనిపెడితే, రాయి ఎక్కడ విరుగుతోందో, అంటే నీటికి దారి ఎక్కడ ఏర్పడుతోందో తెలుస్తుంది. 2000లో వాల్డ్‌హౌసర్, ఎల్స్‌వర్త్ ప్రతిపాదించిన గణన పద్ధతి వచ్చాక ఇది బాగా మెరుగుపడింది. పక్కపక్కన పుట్టిన రెండు కంపనాల రాక సమయాల్లో తేడాలను పోల్చి వాటి మధ్య దూరాన్ని లెక్కగట్టడం దాని సారాంశం. మబ్బులా చెదిరి కనిపించిన కంపన కేంద్రాలు దీంతో సన్నని గీతల్లా సర్దుకుంటాయి. ఆ గీతలే సజీవమైన పగుళ్లు.

కంపనాలు ఎక్కడ ఆగిపోతున్నాయన్నది కూడా విలువైన సమాచారమే. ఒక స్థాయి మించి వేడెక్కిన రాయి పెళుసుగా విరగదు, మెల్లగా సాగుతుంది. జపాన్‌లోని కక్కొండా క్షేత్రంలో సూక్ష్మ భూకంపాల అడుగు హద్దు కింద ఇంకా చల్లారని గ్రానైట్ ఉంది. 1990ల్లో అక్కడ వేసిన 3,729 మీటర్ల బావి అడుగున వేడి 500 డిగ్రీలు దాటింది. వేడిని నేరుగా చూడలేని పద్ధతి, కంపనాల మౌనం ద్వారా ఇలా దాని జాడ పట్టిస్తుంది.

అవే కంపనాలు ప్రయాణించిన కాలాలను వేలకొద్దీ కలిపితే టోమోగ్రఫీ, అంటే నేల లోపలి తరంగ వేగాల చిత్రం, వస్తుంది. ఇక్కడ అన్నింటికన్నా పనికొచ్చే కొలత పి, ఎస్ తరంగాల వేగాల నిష్పత్తి. రంధ్రాల్లో నీరు నిండి ఉంటే పి-తరంగం వేగంగా పోతుంది. ఆ నీరు ఆవిరైతే పి వేగం పడిపోతుంది, ఎస్ వేగం అంతగా మారదు, నిష్పత్తి తగ్గుతుంది. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ కాలిఫోర్నియాలోని గీజర్స్, ప్రపంచంలోనే అతిపెద్ద భూతాప క్షేత్రం. అక్కడ ఆవిరి నిండిన రాయి లావా కాదు, ఇసుకరాయి జాతిది. కింద వేడినిచ్చేది మాత్రం అగ్నిశిలే. 1990ల్లో ఏడాదికేడాది తీసిన చిత్రాల్లో ఆవిరి తోడిన భాగంలో ఈ నిష్పత్తి క్రమంగా పడిపోతూ కనిపించింది. క్షేత్రం ఎండిపోతున్న తీరు తరంగాల్లో నమోదైందన్నమాట. తర్వాత పక్క పట్టణాల శుద్ధి చేసిన మురుగునీటిని పైపుల్లో తెచ్చి లోపలికి దింపడం మొదలుపెట్టారు. 2003 నుంచి శాంటా రోసా నగరపు నీరు కూడా అక్కడికే చేరుతోంది.

పరావర్తన పద్ధతికీ గొప్ప విజయాలున్నాయి, వాటిలో ఒకటి గొప్ప పాఠం కూడా. ఇటలీలోని లార్డెరెల్లో 1904లో భూమి ఆవిరితో తొలిసారి విద్యుత్ బల్బులు వెలిగిన చోటు. అక్కడ కొన్ని కిలోమీటర్ల లోతున తరంగాలను బలంగా తిప్పికొట్టే ఒక హద్దు ఉంది, దాన్ని కె-హొరైజన్ అంటారు. అంత మెరుపు కనిపిస్తోందంటే అక్కడ అధిక పీడనంలో ద్రవం ఉండాలని చాలామంది ఊహించారు. 2017లో వెనెల్లే-2 బావిని సుమారు 2.9 కిలోమీటర్లకు దింపి ఆ హద్దును సమీపించారు. వేడి 500 డిగ్రీలు దాటింది. ఆశించిన ద్రవ ప్రవాహం మాత్రం దొరకలేదు. తరంగం చూపిన మెరుపు నిజం, దానికి మనం పెట్టిన అర్థం నిరూపణ కాలేదు.

క్రాఫ్లాకు తిరిగి వద్దాం, ఎందుకంటే అసలు కథ 2009 తర్వాతే ఉంది. ఆ బావిని మూసేయకుండా పరీక్షించారు. 450 డిగ్రీల అతివేడి ఆవిరి వచ్చింది. ఆ ఒక్క బావి నుంచే 30 మెగావాట్లకు మించి విద్యుత్తు తీయవచ్చని లెక్క వేశారు, మామూలు బావికి అనేక రెట్లు. 2012లో కవాటాలు దెబ్బతిని బావిని మూయాల్సి వచ్చింది. ఈలోగా శాస్త్రవేత్తలు పాత ప్రశ్నను కొత్తగా అడిగారు: 2.1 కిలోమీటర్ల దగ్గర ఉన్నది తరంగాలకు ఎందుకు కనపడలేదు? 2014లో అక్కడి వేరే బావుల్లోకి జియోఫోన్లు దింపి, నేల మీద పేలుళ్లతోనూ నీటిలో ఎయిర్‌గన్లతోనూ తరంగాలు పంపి చూశారు. గ్రాహకం లోతున ఉంటే తరంగం చెదిరిపోయే పైపొరలను ఒక్కసారే దాటాల్సి వస్తుంది, కాబట్టి చిత్రం మెరుగవుతుంది. 2015లో వచ్చిన టోమోగ్రఫీ అధ్యయనం ఆ శిలాద్రవానికి సరిగ్గా పైన పి–ఎస్ నిష్పత్తి తగ్గిన మండలాన్ని, అంటే అతివేడి ఆవిరి ఉండదగిన చోటును చూపింది. 2020లో డోయన్ కిమ్, లారీ బ్రౌన్ బృందం అక్కడి సూక్ష్మ భూకంపాలనే కాంతిగా వాడి, వాటి ప్రతిధ్వనుల్లో శిలాద్రవపు హద్దును వెతికింది. కంపన కేంద్రం శిలాద్రవానికి దగ్గర్లోనే ఉండటం వల్ల అధిక పౌనఃపున్యాలు మిగిలి ఉన్నాయి. నేల మీది పేలుడు ఇవ్వలేని స్పష్టత దీంతో దొరికింది.

ఈ పనుల మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఇవన్నీ డ్రిల్లు తగిలాక చూసినవి. ఎక్కడ వెతకాలో తెలిసిన తర్వాత వెతికి పట్టుకోవడం వేరు, బావి వేయకముందే ఇక్కడుందని చెప్పి, తర్వాత వేసిన బావి అవుననడం వేరు. క్రాఫ్లా శిలాద్రవంలోకి ఈసారి ఉద్దేశపూర్వకంగా దిగాలని క్రాఫ్లా మాగ్మా టెస్ట్‌బెడ్ పేరుతో ప్రయత్నం నడుస్తోంది. సీస్మిక్ ఇమేజింగ్‌కు అసలైన పరీక్ష అదే.

ఐస్‌లాండ్‌లోనే నైరుతి మూల రేక్యానెస్‌లో 2017 జనవరికి పూర్తయిన మరో బావి 4,659 మీటర్లకు చేరింది. అడుగున వేడి 426 డిగ్రీలు, పీడనం 340 బార్లు. మూడు కిలోమీటర్ల కింద డ్రిల్లింగ్ నీరంతా రాతిలోకే ఇంకిపోయింది. అంత లోతులోనూ పగుళ్లు తెరుచుకుని ఉన్నాయనడానికి అది గుర్తు. మెక్సికోలోని లాస్ హ్యూమెరోస్‌లో 1998 నాటి పరావర్తన రికార్డులను ఇప్పటి గణన శక్తితో మళ్లీ శుద్ధి చేశారు, దానికి తోడు కొత్తగా భూకంపమాపకాల వల పరిచి విన్నారు. పాత టేపులను బయటికి తీసి మళ్లీ చదవడం ఈ రంగంలో అన్నింటికన్నా చౌకైన పని.

చౌక అంటే గుర్తొచ్చేది భూమి నిరంతర గుసగుస. సముద్రపు అలలు నేలను ఆగకుండా కదిలిస్తూనే ఉంటాయి. రెండు చోట్ల నెలల తరబడి నమోదు చేసిన ఆ సద్దును పోల్చి, వాటి మధ్య తరంగం ఎంత వేగంతో నడిచిందో రాబట్టవచ్చని 2000ల తొలి ఏళ్లలో షపీరో, కాంపియో వంటివారు చూపారు. పేలుళ్లు అక్కర్లేదు, కంపన లారీలు ఎక్కలేని కొండల మీదా పనికొస్తుంది. వివరం తక్కువ, కొన్ని కిలోమీటర్ల లోతు వరకు స్థూల చిత్రమే. తొలి దశకు అది చాలు.

ఇటీవలి కాలంలో నన్ను అన్నింటికన్నా ఆకట్టుకున్నది మాత్రం ఆప్టికల్ ఫైబర్. గాజు తీగలోకి లేజర్ కాంతి పంపి, తీగ ఏ మీటరు దగ్గర ఎంత సాగిందో వెనక్కి చెదిరిన కాంతిలో చదువుతారు. తీగ మొత్తం వేల జియోఫోన్ల వరుసగా మారిపోతుంది. 2015లో రేక్యానెస్‌లో సమాచార ప్రసారం కోసం అంతకుముందే పాతిన 15 కిలోమీటర్ల కేబుల్‌నే ఇలా వాడితే, పటాల్లో లేని పగుళ్లు కూడా బయటపడ్డాయి. 2016లో అమెరికాలోని నెవాడా రాష్ట్రం బ్రేడీ క్షేత్రంలో 8 కిలోమీటర్లకు పైగా ఫైబర్‌ను కందకంలో పరిచి, ఒక బావిలోకీ దింపి ప్రయత్నించారు. మామూలు ఎలక్ట్రానిక్ గ్రాహకాలు తట్టుకోలేని వేడి బావుల్లో ఫైబర్ నిలబడగలదు. లావా నేలల్లో గ్రాహకాన్ని లోతుకు దింపడమే అసలు మందు అయినప్పుడు, ఈ గుణం చాలా విలువైనది.

తరంగాలు ఒంటరిగా చెప్పలేనిదాన్ని విద్యుత్ నిరోధం చెబుతుంది. మాగ్నెటోటెల్యూరిక్ సర్వేలు భూమి లోపల విద్యుత్తు ఎంత సులభంగా పారుతోందో కొలుస్తాయి. వేడినీరు లావాను మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. దాదాపు 200 డిగ్రీల లోపు ఏర్పడే స్మెక్టైట్ మట్టి విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. 230 దాటితే దాని స్థానంలో క్లోరైట్, ఎపిడోట్ వస్తాయి, నిరోధం పెరుగుతుంది. వేడి నిల్వ మీద మూతలా కూర్చున్న ఆ మట్టి పొర స్పష్టంగా కనిపిస్తుంది. చల్లారిపోయిన పాత వ్యవస్థలోనూ ఆ మట్టి మిగిలే ఉంటుంది, అదీ దీని లోపం. కింద సూక్ష్మ భూకంపాలు ఇప్పటికీ వినిపిస్తున్నాయా లేదా అన్నదాన్ని దీనితో పోల్చి చూస్తే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది. కొత్త అగ్నిపర్వత క్షేత్రంలో నా చేతికి పరిమితమైన డబ్బిస్తే ముందు ఈ రెండింటికే ఖర్చుపెడతాను. ఖరీదైన త్రిమితీయ పరావర్తన సర్వేను, లావా మీద మందంగా అవక్షేపాలు కప్పిన చోట్లకో, మొదటి బావి పడ్డాక దాని సాయంతోనో చేయించాలి.

భూకంపమాపకాలను ముందే పెట్టాలనడానికి ఇంకో కారణం ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006 డిసెంబర్‌లో వేడి రాతిలోకి నీరు పంపినప్పుడు 3.4 తీవ్రతతో భూమి కంపించింది, ప్రాజెక్టు ఆగిపోయింది. దక్షిణ కొరియాలోని పొహాంగ్‌లో 2017 నవంబర్‌లో 5.5 తీవ్రతతో వచ్చిన కంపం ఇళ్లు కూల్చింది, మనుషులను గాయపరిచింది. ప్రభుత్వం నియమించిన సంఘం దానికి భూతాప ప్రాజెక్టే కారణమని తేల్చింది. ఆ రెండూ లావా నేలలు కావు, కానీ నియమం అన్నిచోట్లా ఒకటే. బావి వేయకముందు నేల ఎలా కంపించేదో తెలియకపోతే, తర్వాతి కంపాలకు ఎవరిది బాధ్యతో తేల్చడం కష్టం.

మన దేశంలో బారెన్ ద్వీపం తప్ప రగులుతున్న అగ్నిపర్వతం లేదు. దక్కన్ లావా ఎప్పుడో చల్లారింది. అయినా ఈ విద్యలో మనం కొత్తవాళ్లం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970ల తొలినాళ్లలోనే, నెల్లూరు జిల్లా కావలి నుంచి అరేబియా సముద్రం ఒడ్డున ఉడుపి వరకు దేశంలో తొలి లోతైన సీస్మిక్ రేఖను తీసింది. తర్వాత దక్కన్ బసాల్ట్ కింద దాగిన అవక్షేపాలను వెతకడంలో ఎంతో అనుభవం గడించింది. లదాఖ్‌లోని పూగా లోయలో మాగ్నెటోటెల్యూరిక్ సర్వే చేసి, లోతున వేడి వనరుకు ఆధారాలు చూపిందీ ఆ సంస్థే. పూగాలో ఒక మెగావాట్ ప్రయోగ కేంద్రానికి 2021లో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది. తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి ఉబికే వేడినీటితో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక యూనిట్ పెట్టింది. ఇవి లావా నేలలు కావు. ఇక్కడ లావా పెట్టే చిక్కులు తక్కువ, కాబట్టి తరంగాలు మరింత బాగా పనిచేయాలి.

ఈ ప్రాజెక్టులు నడిపేవారికి నా విన్నపం రెండు ముక్కల్లో ఉంది. తర్వాతి లోతైన బావికి డబ్బు మంజూరు చేసే ముందు, ఆ ఖర్చులో కొద్ది భాగంతో కనీసం ఒక ఏడాది పాటు భూకంపమాపకాల వలను పరిచి వినండి. ఆ రికార్డులను, ఫలితం వచ్చినా రాకపోయినా, దేశంలోని విశ్వవిద్యాలయాలన్నింటికీ తెరిచి ఉంచండి.